రాగిరేకులకు గొంతు నిచ్చినవారు

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల పాఠశాలలలో వార్షికోత్సవం అన్నమాచార్య కీర్తన లేకుండ ముగియుట అరుదు. వేదిక మీద నిలిచిన ఉపాధ్యాయుడు కవి పేరు చెప్పుచున్నాడు, రాగం పేరు చెప్పుచున్నాడు. ఆ పాటను ఆ రాగంలో కూర్చిన వ్యక్తి పేరు మాత్రం చెప్పుట లేదు. అట్టి వ్యక్తి ఒకడు ఉండునని కూడ చాలమందికి తోచదు. అన్నమయ్య ఐదువందల యేండ్ల క్రిందట పాడిన వరుసయే నేటికీ చెవిని పడుచున్నదని విద్యార్థి నమ్ముచున్నాడు. ఈ నమ్మకం వల్ల భక్తికి లోటు రాకపోవచ్చును. చరిత్రకు మాత్రం అన్యాయం జరుగుచున్నది.

నిజమేమి? తాళ్లపాక అన్నమాచార్యుడు 1408 నుండి 1503 వరకు జీవించినాడు. ఆయన పదాలు, కుమారుడు పెదతిరుమలాచార్యుని పదాలు, మనుమడు చినతిరుమలాచార్యుని పదాలు రాగిరేకుల కెక్కి తిరుమల ఆలయంలోని ఒక చిన్న అరలో భద్రమైనవి. మాట భద్రమైనది గాని పాట భద్రం కాలేదు. రేకుల మీద పదానికి రాగం పేరు ఉన్నది, స్వరలిపి లేదు. తాళం మాట సాధారణంగా లేనే లేదు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందినను శిష్యులు ఆయన కృతులను గొంతున నిలుపుకొని తరువాతి తరానికి అందించినారు. క్షేత్రయ్య పదాలను నాట్యకత్తెలు కాపాడినారు. తాళ్లపాకవారి పదాలలో అత్యధిక భాగానికి అట్టి పరంపర మిగులలేదు. గొంతు నుండి గొంతుకు దాటనిది రాగిమీద చెక్కినను మూగదే.

ఇరువదవ శతాబ్దంలో ఆ రేకులు వెలుగు చూచినవి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయంలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాటి పరిష్కరణకు పూనుకొన్నారు. 1950లో ఆయన కీర్తిశేషులైన పిమ్మట ఆ భారం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి మీద పడినది. శర్మగారు 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో జన్మించినారు. 1912 నుండి 1949 వరకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించినారు. వేమనను గూర్చి ఆయన చేసిన ఉపన్యాసాలను సాహిత్య విద్యార్థులు ఎరుగుదురు. ఆయన సంగీతంలోను నిష్ణాతులు. పాఠాన్ని సరిదిద్దగల పాండిత్యం, పాటను కట్టగల విద్య ఒకే మనిషియందు కలిసియుండుట ఆ రేకుల అదృష్టం.

ఈ పని ఎంతటి ప్రయోగమో ఒక పోలికవల్ల తెలియును. జర్మనీలో బాఖ్ వ్రాసిన గొప్ప భక్తిగానాన్ని 1829లో మెండెల్‌సన్ బెర్లిన్ నగరంలో తిరిగి వినిపించి, మరుగుపడిన మహావాగ్గేయకారుని లోకానికి చూపినాడు. అతని చేతిలో బాఖ్ వ్రాసిన స్వరాలు సిద్ధంగా ఉన్నవి. తిరుపతిలో కూర్చున్న పండితుని చేతిలో స్వరమొక్కటియు లేదు. పదంలోని మాత్రలు లెక్కించి, యతి ప్రాసలు విరిగే చోటు కనిపెట్టి, ఆ నడకకు తగిన తాళం నిర్ణయించవలె. రేకుమీది రాగం నేడు మరుగైనదో, పేరు నిలిచి రూపు మారినదో విచారించవలె. పల్లవిలోని భావం చరణంలో ఏ స్థాయికి ఎక్కవలెనో తేల్చవలె. ఇది పాత పాటకు మెరుగు పెట్టుట కాదు. పాత మాటకు కొత్త ప్రాణం పోయుట. శర్మగారు ఈ విధంగా నూరింటికి పైగా కీర్తనలను స్వరపరచినారు. మద్రాసు సంగీత విద్వత్సభ 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చినది. 1979లో ఆయన పరమపదించినారు.

ఆ బాటలో మరికొందరు నడిచినారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పినది. నేదునూరి కృష్ణమూర్తిగారు (1927–2014) కూర్చిన వరుసలు కచేరీలకు నిత్యావసరాలైనవి. బ్రతుకును నాటకంతో పోల్చిన కీర్తనకు రేవతి రాగపు దుస్తు తొడిగినది ఆయనే. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు (1948–2025) ఆ ప్రాజెక్టు గాయకులుగా వందలకొలది పదాలకు బాణీలు కట్టి, పండితుని ఇంటి పాటను పల్లెటూరి భజనగుడికి చేర్చినారు. 1980లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన బాలాజీ పంచరత్నమాల రికార్డులు ఈ పదాలను తెలుగునేల దాటించినవి. 1997లో వచ్చిన అన్నమయ్య చలనచిత్రం వాటిని సంగీత మెరుగని ఇంటికి సైతం తీసికొనిపోయినది. పాట ఇంత దూరం వచ్చినది. దారి వేసినవారిలో గాయకులు లోకానికి తెలిసినారు. తొలి స్వరకర్త పేరు సంగీతజ్ఞుల గోష్ఠికే పరిమితమైనది.

భక్తిమార్గంలో పేరు ప్రసక్తి ఏల అని కొందరు అందురు. అన్నమయ్యయే తన పేరు ముద్రగా పెట్టుకొనక వేంకటేశుని పేరు పెట్టినాడు గదా అని చూపుదురు. ఈ మాటలో సత్యమున్నది. అయితే తన పేరు దాచుకొనుట చేసినవాని వినయం; ఆ పేరు మరచుట పుచ్చుకొన్నవాని వినయం కాజాలదు. అన్నమయ్య పేరు దాచుకొన్నను తెలుగువారు మరువలేదు. స్వరకర్త విషయంలో మాత్రం వేరొక న్యాయమెందుకు?

రేకుమీద ఒక రాగముండగా స్వరకర్తలు వేరొక రాగంలో కూర్చుట కవికి ద్రోహమని వాదించువారును ఉన్నారు. అది విచారింపదగిన ప్రశ్నయే. కాని ఆ విచారణ జరుగవలెనన్నను, ఏది రేకు చెప్పినదో, ఏది కూర్చినవారు చేసినదో ముందు వేరుగా తెలియవలె గదా. పేరు చెప్పని చోట ప్రశ్నకే చోటు లేదు.

ఇందులో విద్యార్థికి వేరొక లాభమున్నది. దొరికిన తాళ్లపాక పదాలు 12,000కు పైబడినవి. పాటగా వినబడుచున్నవి వానిలో కొద్ది భాగమే. వరుస అన్నమయ్యదే అనుకొన్న బాలుడు వినని పదాన్ని పుస్తకంలో చూచి, దీనికి వరుస పోయినదని ప్రక్కకు పెట్టును. ఒక తెలుగు పంతులు మాత్రలు లెక్కించి వరుస కట్టినాడని తెలిసిన బాలుడు, తానును ప్రయత్నింతునని కూర్చుండును. ఛందస్సు పాఠం పరీక్షకు మాత్రమే కాదని అప్పుడు వానికి తెలియును.

ఉపాధ్యాయులు చేయవలసినది స్వల్పం. పాఠశాలలో కీర్తన పాడించునపుడు కవి పేరు, రేకుమీది రాగం, పాడుచున్న రాగం, స్వరకర్త పేరు నాలుగును ప్రకటింపజేయవలె. స్వరకర్త ఎవరో తెలియనిచో కనుగొను పనిని విద్యార్థులకే అప్పగించవలె. తిరుపతిలో ఆ రేకుల చెంతనే పుట్టి పెరుగుచున్న పిల్లలు రాళ్లపల్లివారి పేరు ఎరుగకపోవుట ఆ ఊరికి శోభ కాదు. రాబోవు వార్షికోత్సవపు కార్యక్రమ పత్రంలో ఆ ఒక్క పంక్తి చేర్చినను మేలు ప్రారంభమైనట్లే.