చెరువు నాది, చేప ఎవరిది?



ఆకివీడు దగ్గర మా ఊళ్ళో నాకు నాలుగెకరాల పొలం ఉంది. పొలం అనేది కాగితాల మీదే లెండి! మా తాతగారు వరి పండించిన ఆ నేల ఇప్పుడు చేపల చెరువు. ఏటా కౌలు డబ్బు నా ఖాతాలో పడిపోతుంది. వీకెండ్ పార్టీల్లో ప్లేటు పట్టుకుని "మన డెల్టా ఆక్వా హబ్ అయిపోయిందండీ" అని గొప్పలు పోయే వాళ్ళలో మొన్నటిదాకా నేనూ ఒకణ్ణి.

పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు మా కౌలురైతుని లెక్కలు అడిగాను. "మీ కౌలు ముందే కట్టేశాను కదండి బాబూ. మేత అప్పు మాత్రం చేప పట్టేదాకా మెడ మీదే ఉంటుందండి" అన్నాడు. అప్పిచ్చిన వ్యాపారి చెప్పిన వాళ్ళకే, చెప్పిన ధరకే చేప అమ్మాలిట. చెరువు నాది, చాకిరీ అతనిది, చేప ఇంకెవరిదో!

చేపల పెంపకంలో సగానికి పైగా ఖర్చు మేతదే. అది ఎవరి చేతిలో ఉంటే చెరువు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర పడిపోయింది. అప్పటికే తెచ్చిన మేత అప్పు పడిపోయిందా?

విచిత్రం ఏమిటంటే, శీలావతికీ బొచ్చెకీ కావలసిన మేత సరుకు చాలా మటుకు మన చుట్టుపక్కలే ఉంది. తవుడు, నూకలు మన రైసు మిల్లులవే. పత్తి గింజల చెక్క గుంటూరు వైపు దొరుకుతుంది. రొయ్యలకు లాగా సముద్రపు చిన్న చేపల్ని ఎండబెట్టి, పొడి చేసి పెట్టాల్సిన పని వీటికి పెద్దగా లేదు. ఇంతకంటే నిలకడైన పెంపకం ఏముంటుంది?

కానీ ఇప్పటికీ చాలా చోట్ల జరుగుతున్నదేమిటి? సంచులకు చిల్లులు పెట్టి, తవుడూ చెక్కా నింపి నీళ్ళలో వేలాడదీస్తాం. కొంత చేప తింటుంది, కొంత అడుగుకు చేరి కుళ్ళుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ చాలక చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అదే సరుకుకి కొంత సోయా, ఖనిజాలు కలిపి తేలే గుళికలుగా చేస్తే ఎంత తిన్నదీ కళ్ళకు కనిపిస్తుంది, వృథా తగ్గుతుంది. దానికి యంత్రం కావాలి, పెట్టుబడి కావాలి. అప్పుల్లో ఉన్న కౌలురైతు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

"రైతులు ఫ్యాక్టరీ నడుపుతారా?" అని నవ్వే మేధావులకు ఒక్క మాట. ఆనంద్ పాల రైతులు 1964లోనే కంజరిలో సొంత పశువుల దాణా ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. ప్రారంభించడానికి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వచ్చారు. ఆ మరుసటి ఏడాదే జాతీయ పాడి పరిశ్రమ అభివృద్ధి బోర్డు పుట్టింది. గేదెకు సాధ్యమైనది చేపకు కాదా?

నాణ్యత సంగతి అంటారా? రాష్ట్రంలో మేత నాణ్యతకు 2020లోనే చట్టం వచ్చింది. సంఘం తన బస్తాను తానే ల్యాబుకు పంపి, ప్రోటీను ఎంతో బస్తా మీద అచ్చు వేయాలి. అడిగేవాడూ తినిపించేవాడూ ఒకడే అయినప్పుడు కల్తీ ఎవరికి లాభం?

ఒక హెచ్చరిక కూడా. మేత బాగుందని కొల్లేరు గర్భంలో చెరువులు తవ్వితే అది నిలకడ కాదు. 2006లో అక్కడి అక్రమ చెరువుల గట్లు ఎందుకు తెగ్గొట్టాల్సి వచ్చిందో మరచిపోకండి.

గుడికి, బడికి విరాళాలు పంపుతున్నాం, మంచిదే. కానీ ముందస్తు కౌలు తీసుకుని నష్టమంతా రైతు మీద వదిలేసే మనం, ఏ మొహం పెట్టుకుని దళారుల్ని తిడతాం? వచ్చే ఏడు నుంచి నా కౌలు చేప పట్టాకే తీసుకుంటాను. ఆ డబ్బుతో అతను మేత నగదుకి కొనుక్కుంటాడు. పదిమంది ఊరివాళ్ళం కలిస్తే, ఆ రైతుల సంఘానికి ఒక చిన్న మేత మిల్లుకి వాటాధనం పోగవుతుంది.

నేను మొదలుపెడుతున్నాను. చెరువులున్న మిగతావాళ్ళు ఏమంటారు?