డొంకకు కంప అడ్డం పడిన మొదటి వారం

డొంక ఒక్క రోజులో మూసుకుపోదు. మొదట ఎవరో ఒక చిల్లకంప మోపు తెచ్చి బాటకు అడ్డం పడేస్తారు. పశువులు పైరులో పడుతున్నాయని చెబుతారు. నడిచేవాళ్లు కంపను పక్కకు జరుపుకుని పోతుంటారు. కొన్నాళ్లకు రెండు రాతి కూసాలు లేస్తాయి, వాటి మధ్య ముళ్లతీగ వస్తుంది. వాన పడ్డాక ట్రాక్టరు చేనుతోపాటు డొంకనూ కలిపి దున్నేస్తుంది. మరుసటి ఏడు అక్కడ నిమ్మ మొక్కలో, వరి కయ్యో ఉంటుంది. దారి ఎక్కడుండేదో చూపిద్దామన్నా బండి చక్రాల జాడ మిగలదు. నెల్లూరు జిల్లాలో సంగం నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి కొండల దాకా పల్లెల్లో కూర్చుని మాట్లాడితే, ఇలా పోయిన డొంకల సంగతి చెప్పే రైతులు తప్పకుండా కనిపిస్తారు.

ఇలాంటి ఫిర్యాదు వస్తే ఇద్దరు రైతుల గెనెం తగాదాగా తేల్చేసి, కోర్టుకు పొమ్మని చెప్పి పంపడం మన కార్యాలయాల్లో మామూలైపోయింది. ఇది చాలా నష్టం చేస్తున్న అలవాటు. ఎందుకంటే దారి హక్కు విషయంలో మన చట్టాలు చాలాచోట్ల గడువులు లెక్కపెడతాయి. ఆ గడువులు అడ్డం వేసినవాడికి కలిసొస్తాయి, నడిచేవాడికి ఎదురు తిరుగుతాయి. కంప పడిన మొదటి వారంలో కదిలితే సగం రోజులో తేలే పని, రెండేళ్లు ఆగితే ఇరవై ఏళ్ల దావా అవుతుంది.

ముందు ఈ దారుల మీద తిరిగేదెవరో చూడాలి. ఎరువు బస్తాలు, నిమ్మకాయల మూటలు మోసే ట్రాక్టర్లు, బండ్లు సరే. వాటితోపాటు మందలు తోలుకుపోయే గొర్రెల కాపరులు ఉన్నారు. నెల్లూరు జాతి గొర్రెకు దేశమంతటా పేరుంది. ఆ పేరు నిలబెట్టిన మందలు మేతకు, నీళ్లకు పోయేది ఈ డొంకల మీదుగానే. పాలక్యాన్లు తగిలించుకుని తెల్లవారుజామున సైకిలు తొక్కేవాళ్లు ఉన్నారు. ఉదయగిరి దుర్గం కొండల్లో కొయ్య కోసం పోయే చెక్క గరిటెల పనివాళ్లు ఉన్నారు. పక్క ఊరి హైస్కూలుకు సైకిలు మీద వెళ్లే పిల్లలున్నారు. ఆడపిల్లలు చదువు మానకూడదని ప్రభుత్వం ఒకప్పుడు 'బడికొస్తా' పేరుతో తొమ్మిదో తరగతి విద్యార్థినులకు సైకిళ్లిచ్చింది. పొలాల మధ్య అడ్డదారి మూసేస్తే ఆ సైకిలు ఎక్కాల్సింది నెల్లూరు-ముంబయి జాతీయ రహదారి. లారీల పక్కన, రోడ్డు అంచున, ఎదురుగాలిలో పదమూడేళ్ల పిల్లను తొక్కమనడం ఎంత ప్రమాదమో ఆ దారిన ఒకసారి పోయినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇది మన ఒక్కచోటి జబ్బు కాదు. కెనడాలోని నార్త్ వాంకూవర్ కొండల్లో సైకిలు తొక్కే అడవిబాటల మీద చాలాకాలం పాటు ఎవరో దుంగలు, రాళ్లు అడ్డం పెడుతూ వచ్చారు. వేగంగా దిగివచ్చే సైకిలువాడికి మలుపులో దుంగ కనిపిస్తే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. చివరికి ఆ బాటలు వాడేవాళ్లే చెట్ల మధ్య రహస్యంగా కెమెరాలు అమర్చారు. 2015 జనవరిలో పోలీసులు ఒక పెద్దావిడను అరెస్టు చేశారు. దేహానికి హాని చేసే ఉచ్చులు పన్నారన్న అభియోగంతో కేసు మొదలై, చివరికి ఆమె అంతకంటే చిన్న నేరం ఒప్పుకోవడంతో ముగిసింది. ఆ సైకిలువాళ్లు చేసిన పనిలో నాకు నచ్చింది ఒకటుంది. అడ్డం పెట్టినవాళ్ల మీద వాళ్లు చేయి చేసుకోలేదు. తేదీలతో, బొమ్మలతో సాక్ష్యం కూడగట్టి పోలీసుల చేతికిచ్చారు. మన ఊళ్లలో ఇదే తిరగబడుతుంది. కంప పీకేసి తగలబెడతారు, మాటా మాటా పెరుగుతుంది, కర్రలు లేస్తాయి. దారి పోయినవాడే నిందితుడై స్టేషన్ మెట్లెక్కుతాడు.

అడ్డం వేసేవాళ్లందరూ దుర్మార్గులని అనుకుంటే సమస్య అర్థం కాదు. ఈ ప్రాంతం చాలావరకు మెట్ట. నీళ్లు లేనప్పుడు నాలుగు బారల డొంకకు విలువ లేదు. 78 టీఎంసీల సోమశిల జలాశయం వచ్చాక, కాలవలు పారాక, బోర్లు పడ్డాక, బత్తాయి, నిమ్మ తోటలు లేచాక అదే నేలకు ధర వచ్చింది. 2022 సెప్టెంబరులో సంగం బ్యారేజీ ప్రారంభమైంది, పెన్న మీద రాకపోకలూ మెరుగుపడ్డాయి. రోడ్డు దగ్గరైన కొద్దీ భూమి మీద ఆశ పెరుగుతుంది. ఇది ఒక కారణం. రెండోది నిజమైన బాధ. చేలో పడిన మంద ఒక్క పూటలో పైరంతా మేసేస్తుంది. ఇసుక, గ్రావెల్ ట్రాక్టర్లు రాత్రిళ్లు తిరిగి డొంకను గుంతలు చేస్తాయి, దుమ్ము పూత మీద పడుతుంది. కొండవార పొలాల్లో అడవి పందులు. ఇవన్నీ భరించిన రైతు ఒక రోజు విసిగి కంప వేస్తాడు. ఆయన మాట వినకుండా కంప మాత్రం తీయించి వెళ్లిపోతే, నెల తిరక్కుండా మళ్లీ వేస్తాడు.

అడవి పందుల పేరుతో కట్టే కరెంటు తీగ మాత్రం ఈ లెక్కలోకి రాదు. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి తీగలు తగిలి రైతులు, కాపరులు, కూలీలు చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. పంది కోసం పెట్టిన తీగ మనిషిని గుర్తుపట్టదు. చీకట్లో డొంక వెంట సైకిలు మీద వచ్చేవాడికి అది కనిపించదు. దొంగ కరెంటు వాడకం, ప్రాణం తీసే నిర్లక్ష్యం రెండూ నేరాలే. ఊరివాళ్లు చూసీ చూడనట్టు పోవడానికి ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఇక చట్టం. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం ప్రజల రోడ్లు, వీధులు, సందులు, బాటలు ప్రభుత్వ ఆస్తి. రికార్డులో డొంక పోరంబోకు అని ఉంటే, తహసీల్దారు ఏడో సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, ఆరో సెక్షన్ కింద ఆక్రమణ తొలగించవచ్చు. కోర్టుకు పొమ్మనాల్సిన పనే లేదు. ప్రజల దారికి అడ్డం పెడితే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద అయిదు వేల రూపాయల దాకా జరిమానా. పాత శిక్షాస్మృతిలో అది రెండు వందలే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవో అడ్డు తీసేయమని ఆదేశించవచ్చు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఎదుటివాడు 'అసలిక్కడ ప్రజల దారే లేదు' అని నమ్మదగ్గ ఆధారం చూపిస్తే, సివిల్ కోర్టు తేల్చేదాకా ఆ విచారణ ఆగిపోతుంది. కాబట్టి ఆధారం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

దారి పట్టా భూమి మీదుగా ఉంటే చిక్కు ఇంకా ఎక్కువ. ఇక్కడే గడువులు కాటేస్తాయి. వాడుక హక్కు మీద గొడవ వస్తే నాగరిక్ సురక్షా సంహితలోని 166వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు జోక్యం చేసుకోవచ్చు. అయితే ఏడాది పొడవునా వాడే దారి అయితే, ఫిర్యాదు అందడానికి ముందు మూడు నెలల లోపు దాన్ని వాడి ఉండాలి. కోతల కాలంలో మాత్రమే వాడే బండిబాట అయితే, పోయిన కోతల్లో వాడి ఉండాలి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఇరవై ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా నడిచిన దారికి హక్కు ఇస్తుంది. అదే చట్టం, అడ్డం పడిందని తెలిసి కూడా ఏడాది పాటు ఊరుకుంటే, ఆ నడక మధ్యలో తెగినట్టు లెక్కిస్తుంది. మన రైతు ఏం చేస్తాడు? బంధుత్వం చెడుతుందని మొదటి మూడు నెలలు ఓర్చుకుంటాడు. పెద్దమనుషుల పంచాయితీలో ఇంకో ఆర్నెల్లు పోతాయి. సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇస్తాడు, అది సర్వేయరు దాకా వచ్చేసరికి పంట మారిపోతుంది. మంచితనంగా ఊరుకున్న కాలమంతా చట్టం దృష్టిలో ఒప్పుకోలైపోతుంది.

రికార్డుల సంగతి మరీ ముఖ్యం. పాత గ్రామ నక్షాల్లో, ఎఫ్‌ఎంబీ కొలతల పుస్తకాల్లో బండిబాటను రెండు చుక్కల గీతలతో, కాలిబాటను ఒక్క చుక్కల గీతతో గుర్తించేవారు. పట్టా భూమిలోంచి పోయే బాటకు కూడా ఆ గీత సాక్ష్యంగా నిలిచేది. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు వచ్చాయి, సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. కొలతలో కచ్చితత్వం పెరగడం మంచిదే. కానీ పైనుంచి తీసిన ఫొటోలో కనిపించేది ఆ రోజు నేల మీద ఉన్నదే. డొంకను అప్పటికే దున్నేసి ఉంటే ఫొటోలో పైరే కనిపిస్తుంది. పాత నక్షాను పక్కన పెట్టుకుని, ఊరి ముసలివాళ్లను వెంట తిప్పుకుని సరిచూడకపోతే, ఆక్రమణకు కొత్త పటం మీద చెరగని ముద్ర పడుతుంది. 2024 డిసెంబరులో మొదలైన రెవెన్యూ సదస్సుల్లో అందరూ తమ పట్టా విస్తీర్ణం తగ్గిందా పెరిగిందా అని చూసుకున్నారు, అది సహజం. డొంక విస్తీర్ణం గురించి అడగాల్సింది పంచాయతీ. అది అడగకపోతే ఇంకెవరూ అడగరు.

బయటి చట్టాలు చూస్తే, మహారాష్ట్రలో 1906 నాటి మామలతదార్ల కోర్టు చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దారికి అడ్డం పడితే ఆరు నెలల లోపు తహసీల్దారు దగ్గరికే పోవచ్చు. అడ్డు తీయించి, మళ్లీ పెట్టకుండా నిషేధం విధించే అధికారం ఆయనకుంది. అక్కడి భూమి రెవెన్యూ కోడ్ 143వ సెక్షన్ గట్ల మీదుగా కొత్త దారి ఇచ్చే వీలు కూడా కల్పించింది. ఇంగ్లండు ఇంకో అడుగు ముందుకేసింది. 1949 చట్టంతో కాలిబాటలు, గుర్రపుబాటలు అధికారిక పటంలోకి ఎక్కడం మొదలైంది. 1968లో గుర్రపుబాటల మీద సైకిళ్లకు అనుమతి వచ్చింది, నడిచేవాళ్లకు, గుర్రాల మీద వచ్చేవాళ్లకు దారి వదలాలన్న షరతుతో. ఆ బాటలను కాపాడటం స్థానిక సంస్థ బాధ్యత. అడ్డం ఉందని మామూలు పౌరుడు నోటీసిస్తే, ఏం చేయబోతున్నదీ నెల లోపు చెప్పి తీరాలి. మనకు పెద్ద చట్టాలు కొత్తగా అక్కర్లేదు. తహసీల్దారుకు మహారాష్ట్రలో ఉన్న పాటి అధికారం, ఇంగ్లండులో ఉన్న పాటి గడువు ఉంటే చాలు.

ఒక విషయంలో మాత్రం ఉన్న చట్టమే గట్టిది, వాడటమే లేదు. దళితవాడ నుంచి శ్మశానానికి, చెరువుకు, మేతకు పోయే దారి మూస్తే అది మామూలు దారి తగాదా కాదు. రాజ్యాంగం 15వ అధికరణ రోడ్ల వాడకంలో కులవివక్షను నేరుగా నిషేధించింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఉమ్మడి వనరులను, శ్మశానాన్ని, రోడ్డును, దారిని వాడుకోనివ్వకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డగించడాన్ని ఆర్నెల్ల నుంచి అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం చేసింది. పాడె మోసుకొచ్చిన మనుషులు ముళ్లతీగ ముందు ఆగిపోవాల్సి వస్తే, అక్కడ సర్వే గొలుసు కంటే ముందు పోలీసు రావాలి.

అడ్డు పెట్టే పని ప్రభుత్వమూ చేస్తుంది. ఇసుక దొంగరవాణా ఆపడానికి ఏటి బాటలకు అడ్డంగా కందకాలు తవ్విస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ కందకం దగ్గర ట్రాక్టరుతోపాటు ఏటికి పోయే చాకలి, జాలరి, పశువు, సైకిలు కూడా ఆగిపోతాయి. ట్రాక్టరు పట్టని ఎడంతో రెండు బలమైన రాతి కూసాలు పాతితే మనిషి, గొర్రె, సైకిలు సులువుగా దాటతాయి. పైరు రక్షణకు కంప వేసే రైతుకు కూడా ఇదే చెప్పాలి. డొంక పక్కన కంచె వేసుకోనీ, డొంకకు అడ్డంగా వద్దు. మంద పడి పంట పోతే నష్టం కట్టించే బాధ్యత పంచాయతీ తీసుకోవాలి. అప్పుడే ఆ రైతును కంప తీయమని అడిగే హక్కు ఊరికి వస్తుంది.

ఉదయగిరి దుర్గం పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలు 1513-14లో నెలల తరబడి ముట్టడించాడు. కోట దాకా సేన చేరడానికి బండలు పగలగొట్టించి దారులు వేయించాడని పోర్చుగీసు రచయిత న్యూనిజ్ రాశాడు. రాజులు వేసిన దారుల కథ చరిత్రలోకి ఎక్కింది. మన డొంకలు వేసినవాళ్లు పేరు లేని కాపరులు, బండివాళ్లు, కూలీలు. వాళ్ల తరఫున నిలబడాల్సిన బాధ్యత పంచాయతీది, రెవెన్యూ శాఖది.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. ప్రతి పంచాయతీ పాత నక్షా, డైగ్లాట్ రిజిస్టరు చూసి తన డొంకలు, బండిబాటలు, కాలిబాటల జాబితా రాసి, సచివాలయం గోడ మీద పటంగా వేయించాలి. అందులో మూతపడినవి, వెడల్పు తగ్గినవి, పట్టాల మీదుగా పోయేవి విడివిడిగా చూపాలి. దారి అడ్డం మీద వచ్చే ఫిర్యాదుకు వారం లోపు వీఆర్వో, సర్వేయరు నేల మీదికి వెళ్లి, ఫొటో తీసి, ఇరువైపుల సంతకాలతో పంచనామా రాయాలి. ఆ తేదీ వేసిన ఒక్క కాగితం ఉంటే, ఆ తర్వాత విచారణ ఎన్నాళ్లు సాగినా మూడు నెలల గడువు, ఏడాది గడువు నడిచేవాడి మెడకు అంత సులువుగా చుట్టుకోవు. ఇందుకు కలెక్టరు ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. ఆ ఉత్తర్వు తెప్పించే పని సంగం, ఆత్మకూరు, ఉదయగిరి మండలాల సర్పంచులు వచ్చే గ్రామసభలో తీర్మానాలతో మొదలుపెట్టవచ్చు.