కాళ్ళు మనవే, తల కూడా మనదే

"మీ పిల్లలకు చదువు ఎక్కదు గానీ, ఆట మాత్రం రక్తంలోనే ఉంది." ఈ మాట మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఆటల పోటీల ముగింపు సభలో విన్నాం. స్టాఫ్ రూములో టీ తాగుతూ అనుకుంటుంటే విన్నాం. మెడలో పతకం వేసి భుజం తట్టినవాళ్ళ నోటే విన్నాం. చిన్నప్పుడు అది పొగడ్త అనుకుని మురిసిపోయాం. ఇప్పుడు ఆ మాటను విప్పి చూస్తే లోపల ఇంకోటి కనిపిస్తోంది. కాళ్ళు మీవి, తల మాది అని అందులో ఉంది. పరిగెత్తడం మీ పని, లెక్కబెట్టడం మా పని అని ఉంది.

మన పిల్లల కాళ్ళలో బలం రక్తంతో రాలేదు. బస్సు రాని ఊరి నుంచి బడికి నడిచి వచ్చింది. వాగు దాటి, గట్టెక్కి, నీళ్ళ బిందె మోసి వచ్చింది. రోడ్డు వెయ్యనివాళ్ళు ఆ బలాన్ని చూసి పుట్టుక గొప్పదనం అంటుంటే మనం చప్పట్లు కొట్టాలా?

ఒక కుర్రాడి సంగతి చెబుతాం. పేరు అక్కర్లేదు, ప్రతి గూడెంలో, ప్రతి తండాలో ఇలాంటివాడు ఒకడుంటాడు. ఆశ్రమ పాఠశాలలో బంతి పట్టాడు. పీఈటీ సారు కంట్లో పడ్డాడు. జిల్లా జట్టు, ఆ తర్వాత రాష్ట్ర జట్టు. ఇంటర్ గట్టెక్కి డిగ్రీలో చేరాడు. ఒక క్లబ్బు శిక్షణకు పిలిచింది. ఇంకొక్క మెట్టెక్కితే మొదటి జట్టు. మూడు నెలలు క్యాంపులో ఉండి వచ్చేసరికి హాజరు చాల్లేదన్నారు, పరీక్ష రాయనివ్వలేదు. చదువు పోతే పోయింది, ఆట ఉందిలే అనుకున్నాడు. మరుసటి ఏడు మోకాలు తిరిగింది. క్లబ్బు ఫోను ఎత్తడం మానేసింది. ఇప్పుడు పక్క పట్నంలో సరుకుల బండి మీద హమాలీగా ఎక్కుతున్నాడు. పతకాలు రేకుల పెట్టెలో ఉన్నాయి. ఏ ఉద్యోగానికైనా క్రీడల కోటాలో పెట్టుకుందామంటే ముందు డిగ్రీ ఉందా అని అడుగుతున్నారు.

ఈ కుర్రాణ్ణి పాడు చేసింది ఆట కాదు, చదువూ కాదు. రెండిట్లో ఒకటే పట్టుకో అని చెప్పిన మాట. కోచ్ ఆటన్నాడు, లెక్చరర్ చదువన్నాడు, ఇంట్లో అమ్మానాన్నలు ఏదో ఒకటి తేల్చుకో కొడుకా అన్నారు. ఇద్దరు సార్లు ఒకచోట కూర్చుని, ఈ పిల్లాడి రెండేళ్ళు ఎలా నడపాలి అని ఒక్కసారైనా మాట్లాడుకోలేదు.

రెండూ సాగవని చెప్పేవాళ్ళకు మనం ఒక పేరు చెబుదాం. తాలిమెరెన్ ఆవో. ఈశాన్యంలో నాగా కొండల బిడ్డ, ఆవో తెగవాడు. 1918లో చాంగ్‌కీ అనే ఊళ్ళో పుట్టాడు. వైద్యం చదివి మనవాళ్ళకు సేవ చెయ్యాలన్నది తండ్రి కోరిక. కలకత్తా వెళ్ళి వైద్య కళాశాలలో చేరాడు. అదే కలకత్తాలో మోహన్ బగాన్ జట్టుకు ఆడాడు. ఆడడమంటే పేరుకు కాదు, ఆ జట్టుకు నాయకుడయ్యాడు. 1948లో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే కెప్టెన్. స్వతంత్ర దేశం పంపిన మొదటి ఒలింపిక్ బృందానికి ముందు జెండా పట్టుకుని నడిచింది కూడా ఆయనే. ఫ్రాన్స్ మీద 1-2తో ఓడారు, రెండు పెనాల్టీలు చేజారాయి. జట్టులో ఎక్కువమంది ఉత్తి కాళ్ళతో ఆడారు.

తర్వాత ఏం చేశాడన్నదే మనకు కావలసింది. తిరిగొచ్చి పుస్తకాలు తీశాడు. ఒలింపిక్స్ అయిన రెండేళ్ళకు, 1950లో, ఎంబీబీఎస్ పట్టా పుచ్చుకున్నాడు. అప్పటికి ముప్పై దాటాయి. ఆలస్యమైందని సిగ్గుపడలేదు. సొంత కొండలకు వెళ్ళి డాక్టరు పని చేశాడు, నాగాలాండ్ రాష్ట్ర ఆరోగ్య శాఖకు డైరెక్టరయ్యాడు. మన బళ్ళలో ఎంతమంది పిల్లలకు ఈ పేరు తెలుసు? దేశ జట్టుకు మొదటి కెప్టెన్లలో ఒకడు ఆదివాసీ డాక్టరని ఏ తరగతిలో చెప్పాం?

ఇంకొకరు జైపాల్ సింగ్ ముండా. రాంచీ దగ్గరి ముండా పల్లె నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా చదివాడు. హాకీ ఆడుతూనే చదివాడు. ఐసీఎస్‌కు ఎంపికై ఇంగ్లండులో శిక్షణలో ఉండగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు జట్టు కెప్టెన్‌గా పిలుపొచ్చింది. సెలవు దొరకలేదు. అయినా వెళ్ళాడు. భారత్‌కు హాకీలో మొదటి బంగారు పతకం ఆ ఏడే వచ్చింది. జట్టు పెద్దలతో తేడాలొచ్చి ఫైనల్లో ఆయన ఆడలేదు. వెనక్కొస్తే శిక్షణ ఇంకో ఏడాది చెయ్యాలన్నారు. ఆ కొలువే వద్దనుకున్నాడు.

జైపాల్ సింగ్ కథను తీయగా చెప్పి దాటెయ్యం. ఆయన మూల్యం చెల్లించాడు. రెండిటి మధ్య నలిగితే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అయితే కొలువు పోయినా చదువు పోలేదు. 1946లో రాజ్యాంగ సభలో ఆదివాసీల పక్షాన నిలబడి మాట్లాడినప్పుడు ఆయనకు తోడున్నది పతకం ఒక్కటే కాదు. చట్టం తెలిసిన బుర్ర, ఎదుటివాడి భాషలోనే బదులిచ్చే చదువు తోడున్నాయి. కొలువు, జట్టు ఒకరు ఇస్తారు, ఒకరు తీసుకుంటారు. చదువును మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

దేశం బయట కూడా చూద్దాం. 1982 ప్రపంచ కప్పులో బ్రెజిల్ కెప్టెన్ సోక్రటీస్ వైద్య పట్టా ఉన్నవాడు. ఒక క్లబ్బుకు ఆడుతూ ఆ చదువు పూర్తిచేశాకే పెద్ద క్లబ్బుకు కదిలాడు. ఇంగ్లండులో పదహారేళ్ళకు క్లబ్బు అకాడమీలో స్కాలర్‌గా చేరే పిల్లలకు చదువు కూడా ఆ ఒప్పందంలో భాగమే. అక్కడి క్లబ్బులకు దయ ఎక్కువై ఇలా చెయ్యడం లేదు. చేరినవాళ్ళలో ఎక్కువమంది మొదటి జట్టు దాకా రారని వాళ్ళకు తెలుసు. ఆ లెక్క మనకెందుకు చెప్పరు?

మొదటి జట్టు కల తప్పని మనం అనడం లేదు. ఆ మాట అన్నవాళ్ళను అడ్డుకుంటాం. నిజామాబాద్ జిల్లా తండా నుంచి బయల్దేరిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్ళింది. ఆటలు కూడు పెడతాయా అని ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే ఆ దారి పడేది కాదు. కల పెద్దదే కావాలి. కానీ మైదానంలోకి దిగేది పదకొండు మందే. ముప్పై అయిదు దాటేసరికి చాలామంది ఆటగాళ్ళు బయటికి రావాల్సిందే. ఆ తర్వాత ఇంకో ముప్పై ఏళ్ళు బతకాలి. ఆ ముప్పై ఏళ్ళకు ఎవరూ పూచీ పడరు.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని సామెత చెబుతారు. అది పడవవాళ్ళ సామెత. మన పోడు చేను వేరే మాట చెబుతుంది. ఒకే చేనులో సామ, కొర్ర, కంది కలిపి చల్లుతాం. సామ ముందు కోతకొస్తుంది, కంది నిదానంగా వస్తుంది. ఒక పంట పోతే ఇంకోటి కడుపు నింపుతుంది. ఒక్క పంటే వేసి అప్పుల్లో మునగడం మనకు బయటినుంచి వచ్చిన తెలివి. ఆట సామ లాంటిది, తొందరగా కోతకొస్తుంది. చదువు కంది లాంటిది. రెండూ ఒకే చేనులో పెరుగుతాయి.

అయితే చేనుకు కావలి కావాలి. ఆ కావలి మాస్టార్లదే. అందుకే ఉపాధ్యాయ మిత్రులను అడుగుతున్నాం. మీ బడి పిల్లాడు పతకం తెస్తే ఫొటో దిగుతారు. అతను పోటీలకు వెళ్ళిన పది రోజుల పాఠాలు తిరిగి ఎవరు చెప్పారు? ఆటల కోసం వెళ్ళిన రోజులను హాజరుగా లెక్కగట్టే వీలు చాలా కాలేజీల నిబంధనల్లో ఉంటుంది. పిల్లాడికి ఆ సంగతి చెప్పి, వెళ్ళకముందే ఫిజికల్ డైరెక్టర్ సంతకంతో కాగితం ఇప్పించినవాళ్ళు ఎంతమంది? క్యాంపులో రాత్రిపూట రెండు గంటలు దీపం, బల్ల, ఒక సారు ఉండాలని ఐటీడీఏ ముందు గట్టిగా అడిగారా? దెబ్బ తగిలిన పిల్లాడి వైద్యం ఎవరి ఖర్చని ఆడించినవాళ్ళను నిలదీశారా?

చదువే ముఖ్యమనే మాస్టార్లకూ ఒక మాట. మన బళ్ళకు మన భాష తెలిసిన పీఈటీలు కావాలి. బీపీఈడీ చెయ్యాలంటే ముందు డిగ్రీ కావాలి. ఫిజియోథెరపిస్టు, క్రీడా వైద్యుడు కావాలన్నా చదువే దారి. ఆటను గౌరవిస్తే చదువు చెడిపోదు. ఆ పిల్లాడు తరగతి గదికి రావడానికి ఆటే కారణం కావచ్చు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీతో సూటిగా చెబుతాం. క్లబ్బు పిలిస్తే వెళ్ళండి, వెనకాడకండి. వెళ్ళేముందు హాజరు కాగితం చేతిలో పెట్టుకోండి. ఒప్పందం మీద సంతకం పెట్టమంటే చదివే పెట్టండి, అర్థం కాకపోతే చదివినవాళ్ళకు చూపించండి. అడవి మీద, భూమి మీద మన పెద్దలు చదవలేక వేసిన వేలిముద్రలు చాలు. రెగ్యులర్ కాలేజీ సాగకపోతే మానెయ్యకండి. హైదరాబాద్‌లో 1982 నుంచి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. మూడేళ్ళ డిగ్రీ అయిదేళ్ళు పట్టినా అది డిగ్రీయే. తాలిమెరెన్ ఆవో పట్టా మీద ఆలస్యమని ఎవరూ రాయలేదు.

ఇక మీదట ఎవరైనా భుజం తట్టి మీ కాళ్ళలో బలం ఉందంటే, అవునండీ అనండి. అక్కడితో ఆగకుండా, మా పరీక్ష ఎప్పుడు పెడతారు అని అడగండి.