గురక జబ్బుకు దంత వైద్యశాలలోనూ చికిత్స కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు,

నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోగా, ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగి, ఉలికిపాటుతో మళ్లీ అందడాన్ని స్లీప్ ఆప్నియా (గురక జబ్బు) అంటారు. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రమే దీనికి ప్రధాన చికిత్స అయినా, రాత్రంతా భరించలేక దాన్ని అటకెక్కించేవారు తక్కువేమీ కాదు. అటువంటి పెద్దవారికి, పళ్ల అచ్చు తీసి, కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నిలిపేలా, తద్వారా నాలుక మొదలు గొంతుకు అడ్డుపడకుండా తయారుచేసే నోటి పరికరాన్ని అమెరికా నిద్రవైద్య అకాడమీ 2015లో సిఫారసు చేసింది. వేడినీటిలో మెత్తబరిచి కొరికి పెట్టుకునే బజారు సరుకు దీనికి సాటిరాదు. దవడ నొప్పి, పళ్ల వరుస మారడం వంటి ఇబ్బందులూ లేకపోలేదు గనుక, ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లోనే ఈ పరికరాలు తయారుచేయించి, అమర్చిన తరువాత మళ్లీ నిద్ర పరీక్ష జరిపించే ఏర్పాటు చేయాలని వినతి.