చూపేది ఒక ధర.. కట్టేది ఇంకో ధర: చౌక విమాన టికెట్ల చాటు లెక్క

నేరేడుచర్ల: మిర్యాలగూడ–కోదాడ రోడ్డు మీదున్న ఈ పట్టణానికి విమానాశ్రయం దగ్గరలో లేదు. శంషాబాద్ పోవాలన్నా, గన్నవరం పోవాలన్నా ముందు బస్సో కారో ఎక్కి గంటల తరబడి ప్రయాణం చేయాల్సిందే. అయినా విమానం ఇక్కడి జనానికి ఇప్పుడు కొత్త కాదు. గల్ఫ్‌లో పని చేసేవాళ్లు, ఉమ్రాకు వెళ్లే పెద్దలు, బెంగళూరు, పుణెల్లో ఉద్యోగం చేసే పిల్లలు ప్రతి వాడకట్టులో ఒకరిద్దరైనా ఉంటారు. వీళ్లందరికీ ఫోన్‌లో మొదట కనిపించేది 'కేవలం ఇంత' అని మెరిసే అంకె. తీరా డబ్బు కట్టే సమయానికి ఆ అంకె ఉండదు. మధ్యలో ఏం జరిగిందో చాలామందికి తెలియదు.

మూడు కుప్పల డబ్బు

విమాన టికెట్‌కు కట్టే సొమ్మును మూడు కుప్పలుగా విడదీస్తే విషయం అర్థమవుతుంది. మొదటిది అసలు చార్జీ, అంటే విమాన సంస్థకు చేరే బేసిక్ ఫేర్. రెండోది పన్నులు, విమానాశ్రయ రుసుములు. ఎకానమీ టికెట్‌పై 5 శాతం జీఎస్టీ, విమానాశ్రయం వసూలు చేసే యూడీఎఫ్, భద్రతా రుసుము ఇందులోకి వస్తాయి. ఈ రెండు కుప్పల్లో దాపరికం తక్కువ. ప్రకటనల్లో కనిపించే ధరలో సాధారణంగా ఇవి కలిసే ఉంటాయి.

అసలు కథ మూడో కుప్పలో ఉంది. సీటు ఎంపికకు డబ్బు, భోజనానికి డబ్బు, బీమాకు డబ్బు, లైన్‌లో ముందు నిలబడటానికి డబ్బు, చివర్లో కన్వీనియెన్స్ ఫీజు. ఒక్కోటి చూస్తే చిన్న మొత్తమే. కలిపితేనే తెలుస్తుంది.

ఒక లెక్క చూద్దాం. నలుగురున్న కుటుంబం రానూపోనూ టికెట్లు తీసుకుంటోంది అనుకుందాం. పన్నులతో కలిపి ఒక్కో టికెట్ 3,000 రూపాయలు. ఎనిమిది ప్రయాణాలకు 24,000. కన్వీనియెన్స్ ఫీజు ఒక్కో ప్రయాణానికి 300 చొప్పున 2,400. పక్కపక్కనే కూర్చోవడానికి సీట్లు 250 చొప్పున 2,000. బీమా 200 చొప్పున 1,600. ఏజెంట్ కమీషన్ మనిషికి 200 చొప్పున 800. మొత్తం 30,800 రూపాయలు. అంటే చూపిన ధర మీద అదనంగా 6,800, సుమారు 28 శాతం. ఇందులో బ్యాగు లెక్క ఇంకా రానే లేదు.

కన్వీనియెన్స్ ఫీజు సంగతి మరీ విచిత్రం. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకునే సౌకర్యానికి ఇది రుసుము అంటారు. కట్టేది ఒక్కసారే, వచ్చే ఓటీపీ ఒక్కటే. కానీ చాలా సంస్థలు దీన్ని ప్రతి ప్రయాణికుడికి, ప్రతి ప్రయాణానికి విడివిడిగా వేస్తాయి. నలుగురు రానూపోనూ వెళితే ఒకే లావాదేవీకి ఎనిమిది సార్లు ఫీజు పడినట్టే. టికెట్ రద్దు చేసుకుంటే సాధారణంగా ఇది తిరిగి రాదు.

చట్టం ఏమంటోంది?

1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయ్యాక దేశంలో విమాన చార్జీలపై ప్రభుత్వ నియంత్రణ పోయింది. ధరను సంస్థలే నిర్ణయించుకుంటాయి. సేవలను విడగొట్టి విడివిడిగా అమ్ముకోవడానికి కూడా డీజీసీఏ అనుమతి ఉంది. ఇష్టమైన సీటు, భోజనం, చెక్-ఇన్ బ్యాగు, లాంజ్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. మంచినీళ్లకు మాత్రం డబ్బు తీసుకోకూడదు.

సంస్థల వాదనలోనూ న్యాయం లేకపోలేదు. బ్యాగు లేకుండా వెళ్లేవాడు పక్కవాడి బ్యాగు ఖర్చు ఎందుకు భరించాలి అంటాయి. అందుకే డీజీసీఏ ఒక షరతు పెట్టింది. అదనపు సేవ ఏదైనా ప్రయాణికుడు తనంతట తానే ఎంచుకోవాలి. ముందే టిక్ పెట్టి ఉంచి, వద్దంటే తీసేసుకొమ్మనడం కుదరదు.

దీనికి తోడు 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్‌పై మార్గదర్శకాలు తెచ్చింది. ఇలాంటి 13 రకాల ఎత్తుగడలను నిషేధించింది. మొదట తక్కువ ధర చూపి చివర్లో పెంచడం, అడగని సేవను బుట్టలో వేయడం, 'రెండే సీట్లు మిగిలాయి' అని లేని తొందర పెట్టడం అందులో ఉన్నాయి. బీమా వద్దంటే 'నేను రిస్క్ తీసుకుంటాను' అని మనతోనే ఒప్పించే బటన్ కూడా ఆ కోవలోదే.

ప్రశ్నిస్తే తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ఇవ్వడానికి విడిగా డబ్బు తీసుకోవద్దని 2022 జులైలో పౌర విమానయాన శాఖ చెప్పింది. 2023 అక్టోబర్‌లో ఇండిగో దూరాన్ని బట్టి 300 నుంచి 1,000 రూపాయల దాకా ఫ్యూయల్ చార్జీ వేసింది. 2024 జనవరిలో దాన్ని ఎత్తేసింది.

టిక్ పెట్టింది ఎవరు?

నేరేడుచర్ల లాంటి చోట అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. 'ప్రయాణికుడే ఎంచుకోవాలి' అనే నియమం ఒక విషయాన్ని ముందే ఊహించుకుంది. స్క్రీన్ ముందు కూర్చున్నవాడే ప్రయాణికుడు అని. చిన్న పట్టణాల్లో చాలాసార్లు అది నిజం కాదు. ఆధార్ కార్డో పాస్‌పోర్టో తీసుకుని నెట్ సెంటర్‌కో, ట్రావెల్స్ ఆఫీసుకో పోతారు. కౌంటర్ అవతల కూర్చున్న అబ్బాయి టకటకా కొట్టేసి మొత్తం ఎంతో చెబుతాడు. ఇవతల ఉన్నవాళ్లు డబ్బు లెక్కపెట్టి ఇస్తారు.

స్క్రీన్ అవతలి వైపు తిరిగి ఉంటుంది. అందులోని ఇంగ్లిష్ చదివేది ఒక్కడే. సీటు కావాలా వద్దా, బీమా కావాలా వద్దా అని ప్రయాణికుడిని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా దాని ధర ఎంతో విడిగా చెప్పరు. కాగితం మీద మాత్రం ప్రయాణికుడు 'ఒప్పుకున్నట్టే' లెక్క. ఏజెంట్లందరూ మోసగాళ్లు అనడం తప్పు. ఊరిలో ఆ సేవే లేకపోతే చాలామంది టికెట్ తీసుకోలేరు. కానీ సంస్థ వేసిన చార్జీ ఎంత, ఏజెంట్ తీసుకున్నది ఎంత అనేది ఒకే అంకెలో కలిసిపోయినప్పుడు అడగడానికి ఆధారం మిగలదు.

బ్యాగు దగ్గర బయటపడే నిజం

చాలామందికి ఈ లెక్క ఎయిర్‌పోర్టులో తూకం దగ్గర తెలుస్తుంది. 2024లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ చెక్-ఇన్ బ్యాగు లేని తక్కువ ధర టికెట్లు తెచ్చింది. చేతి సంచితో వెళ్లే ఉద్యోగికి అది లాభమే. కానీ ఊరి నుంచి వెళ్లేవాళ్లు చేతులూపుకుంటూ పోరు. బియ్యం, కారప్పొడి, పచ్చళ్లు వెంట ఉంటాయి. అంతర్జాతీయ ప్రయాణంలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు చేతి సంచిలో వెళ్లవు కాబట్టి నూనె తేలే పచ్చడి డబ్బా చెక్-ఇన్‌లోనే వేయాలి. బ్యాగు లేని టికెట్ అని తెలియక అక్కడికి పోతే కౌంటర్ రేటు కట్టాలి. అది ముందే ఆన్‌లైన్‌లో కొన్న రేటు కంటే ఎక్కువే ఉంటుంది. ఉమ్రా నుంచి తెచ్చే జమ్‌జమ్ విషయంలోనూ ఒక్కో సంస్థది ఒక్కో నియమం. టికెట్ తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

15 కిలోలు దాటాక 20 కిలోల వరకు కిలోకు 100 రూపాయలకు మించి తీసుకోవద్దని 2016లో డీజీసీఏ పరిమితి పెట్టింది. 2017లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2025 నవంబర్‌లో చార్జీలు, అదనపు రుసుములపై దాఖలైన పిటిషన్ మీద సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసులు ఇచ్చింది. ఉచిత బ్యాగు 25 కిలోల నుంచి 15 కిలోలకు తగ్గిందన్నది అందులోని ఫిర్యాదుల్లో ఒకటి.

యూరప్‌లో 2008 నాటి నిబంధన ప్రకారం తప్పనిసరి రుసుములన్నీ కలిపిన తుది ధరను మొదటి నుంచీ చూపాలి. చేతి సంచికి డబ్బు వసూలు వంటి పద్ధతులకు గాను 2024 నవంబర్‌లో స్పెయిన్ ప్రభుత్వం అయిదు చౌక విమాన సంస్థలకు 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది.

అడిగితే వచ్చే డబ్బు

టికెట్ రద్దయినా, ట్రాఫిక్‌లో ఇరుక్కుని విమానం తప్పిపోయినా మొత్తం పోయిందనుకుని వదిలేసేవాళ్లు ఎక్కువ. అది సరికాదు. ప్రయాణం చేయకపోతే ప్రభుత్వ పన్నులు, యూడీఎఫ్ వంటి విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలని డీజీసీఏ నియమం చెబుతోంది. 'నాన్ రిఫండబుల్' ఆఫర్ టికెట్‌కూ ఇది వర్తిస్తుంది. రద్దు చార్జీ బేసిక్ ఫేర్, ఇంధన సర్‌చార్జీ కలిపిన మొత్తాన్ని దాటకూడదు. ఏజెంట్ దగ్గర కొన్నా రిఫండ్ బాధ్యత విమాన సంస్థదే.

ఫిర్యాదుకు 1915 నంబర్ ఉంది, ఎయిర్‌సేవా పోర్టల్ ఉంది. 2019 చట్టం ప్రకారం ప్రయాణికుడు తాను ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు వాటికి ఫీజు లేదు. 500 రూపాయల కోసం కేసు ఎవరు వేస్తారన్న ధీమా మీదే ఈ చిల్లర వసూళ్లు నడుస్తున్నాయి.

డబ్బు ఇచ్చే ముందు 'స్క్రీన్ ఇటు తిప్పు' అని అడగడం ఎవరికీ తప్పు కాదు. ఏ చార్జీ ఎంతో విడివిడిగా ఉన్న ఇన్‌వాయిస్ తీసుకోవాలి. అయితే భారమంతా ప్రయాణికుడి మీదే వేస్తే సరిపోదు. ఏజెంట్ ద్వారా అమ్మే ప్రతి టికెట్‌కూ సంస్థ చార్జీ, అదనపు సేవలు, ఏజెంట్ కమీషన్ విడివిడిగా రాసిన రసీదు తెలుగులోనో ఉర్దూలోనో ఇవ్వాలని ప్రభుత్వం తప్పనిసరి చేయొచ్చు. రైస్ మిల్లులో తూకం చీటీ చేతికి రానిదే రైతు కదలడు. 30 వేలు పెట్టి టికెట్ కొన్న కుటుంబానికీ ఆ పాటి చీటీ దక్కాలి.