మార్లిన్ మన్రో – మన మన్రోలప్ప

మొన్నామధ్య అనంతపురంలో హైదరాబాదు రైలెక్కాను. ఎదుటి సీట్లో ఓ కుర్రాడు, ఒళ్ళో ఫోటోల ఆల్బం. ఆల్బం ఉందంటే ఇక ఎక్కడికని అడగాలా? ఫిల్మ్‌నగర్‌కే! నేను సినిమా పత్రికలకు రాస్తానని మాటల్లో తెలియగానే లేచొచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నాకొక మంచి పేరు చెప్పన్నా. ఇంట్లో పెట్టినారే, అది సినిమాకు పనికిరాదు."

ఆ పేరు రాయనని మాటిచ్చాను కాబట్టి రాయను. చివర్న 'అప్ప' ఉందని మాత్రం చెప్తా. అతని బాధంతా ఆ అప్పతోనే. "మా జేజినాయన పేరన్నా. కాలేజీలో అందరూ నవ్వినారు. అప్ప తీసేస్తే ఎట్లుంటాది?"

పేర్లు మార్చుకోవడం సినిమావాళ్ళకి కొత్తేం కాదు. మార్లిన్ మన్రో సంగతే చూడండి. 1926లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టినప్పుడు ఆవిడ నార్మా జీన్. 1946లో ఫాక్స్ కంపెనీలో చేరేసరికి అక్కడి పెద్దమనిషి బెన్ లయన్‌కి ఆ పేరు నచ్చలేదు. మార్లిన్ మిల్లర్ అనే పాత నటి గుర్తొచ్చి 'మార్లిన్' అన్నాడు. 'మన్రో' మాత్రం ఆయనిచ్చింది కాదు. అది ఆవిడ తల్లి పుట్టింటి ఇంటిపేరు! తమాషా ఏమిటంటే, కోర్టు కాగితాల మీద ఆవిడ మార్లిన్ మన్రో అయింది 1956లో. 'నయాగరా' వచ్చి అప్పటికి మూడేళ్ళు.

"అది సరేలే అన్నా, అమెరికా వాళ్ళ సంగతి మనకెందుకు?" అన్నాడు కుర్రాడు.

ఎందుకంటే, తమ్ముడూ, ఆ మన్రో అనే ఇంటిపేరుకి మీ జిల్లాలో 'అప్ప' చేర్చి పిల్లలకు పెట్టుకున్నారు. మన్రోలప్ప! నవ్వకండి, గెజిటీర్లకెక్కిన సంగతే ఇది.

అసలా పేరు స్కాట్లండ్‌ది. ఉత్తరాన రాస్ ప్రాంతంలో ఫౌలిస్ కోట మన్రో వంశం వాళ్ళ మూలస్థానం. వాళ్ళ గేలిక్ భాషలో ఈ పేరుకి 'రో నుంచి వచ్చినవాడు' అని అర్థం. ఐర్లండ్‌లో రో అనే నది ఉంది, మా పూర్వీకులు ఆ నది ఒడ్డునుంచే వచ్చారని ఆ వంశం చెప్పుకునే కథ. అంటే మన పద్ధతే! ఘంటసాల అంటే కృష్ణా జిల్లాలో ఊరు. 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డిగారి 'కె' ఏమిటనుకున్నారు? కదిరి! ఆయన పుట్టింది తాడిపత్రిలో, ఇంటిపేరు కదిరి. రెండూ ఈ సీమ ఊళ్ళే. సముద్రం దాటిన మన్రోల్లో ఒకడి వంశంలో జేమ్స్ మన్రో పుట్టి 1817లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. అక్కడ స్పెల్లింగు కాస్త మారింది, అంతే.

ఇక మన మన్రో. థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అక్కడ స్వాతంత్ర్య యుద్ధం వచ్చి వ్యాపారం కాస్తా మునిగింది. కొడుకు 1780లో కంపెనీ సిపాయి ఉద్యోగానికి మద్రాసులో దిగాడు. 1800లో నిజాము ఈ సీమని కంపెనీకి ధారపోశాక దీనికి పెద్ద కలెక్టరుగా వచ్చి అనంతపురంలో మకాం పెట్టాడు. ఏడేళ్ళు గుడారాల్లో ఊరూరా తిరిగాడు. మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరనే పట్టా, రైతు దగ్గరే శిస్తు. అదే రైత్వారీ.

దేవుడని నేననను. పాలెగాళ్ళను అణిచింది ఈయనే. 2019లో 'సైరా నరసింహారెడ్డి' చూశారుగా, ఆ కుటుంబాల అధికారం ఊడి భరణాల పాలైంది ఈయన హయాంలోనే. శిస్తూ తక్కువేం కాదు. వాన పడితే పంట, లేకుంటే మంట అనే ఈ నేలమీద అంత శిస్తు కట్టడం మాటలా? ఆ ముక్క ఆయనకే తెలిసొచ్చింది. 1807లో సెలవు మీద వెళ్తూ, శిస్తులో నాలుగో వంతు తగ్గించండని పైవాళ్ళకి రాశాడు. పైవాళ్ళు అప్పుడు వినలేదు. శిస్తు వేసిన చేత్తోనే తగ్గించమని రాసిన కలెక్టర్లు ఎందరుంటారు చెప్పండి? జనం పేరు పెట్టుకున్నది ఆ చేతికేనని నా లెక్క.

తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. పదవి దిగి ఇంటికెళ్ళే ముందు, తన పాత సీమని ఓసారి చూసిపోదామని వచ్చాడు. పత్తికొండలో కలరా తగిలి 1827 జూలై 6న పోయాడు. గుత్తిలో పూడ్చి, నాలుగేళ్ళకు అస్థికలు మద్రాసు కోటలోని చర్చికి తీసుకెళ్ళారు. ఇక కథలకి కొదవా! కడప జిల్లా గండిలో కొండల మధ్య బంగారు తోరణం ఆయన కంటికి కనపడిందంటారు, అది కనపడ్డవాడు ఎక్కువకాలం బతకడంటారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి ఆయనతో మాట్లాడారంటారు. ఆ స్వామివారి కథే రజనీకాంత్ 1985లో తమిళంలో తన నూరో సినిమాగా చేసింది. మన్రోని జనం 'మాండవ ఋషి' అని కూడా పిలుచుకున్నారు.

మన సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో వేషాల కోసం వెళ్ళినవాళ్ళు మౌంట్ రోడ్డు మీద ఆయన్ని చూసే ఉంటారు. గుర్రం మీద కంచు విగ్రహం, 1839 నాటిది. జీనూ లేదు, రికాబులూ లేవు! శిల్పి చాంట్రీ మర్చిపోయాడని వెక్కిరిస్తారు. విగ్రహం ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇదంతా విని కుర్రాడు కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "తెల్లదొరకి అప్ప తగిలించింది మావోళ్ళేనా?" అన్నాడు.

మీవాళ్ళే. ఎల్లప్ప, నాగప్ప, హనుమంతప్పల వరసలో దొరనీ కూర్చోబెట్టారు. మనవాళ్ళు పేర్లు మార్చడంలో తక్కువేం తినలేదు. నిజాము ధారపోశాడు గనుక దత్తమండలాలన్నారే, ఆ మాట నచ్చక 1928లో నంద్యాల సభలో సీమకే పేరు మార్చేసి రాయలసీమ అన్నారు. నేలకే స్క్రీన్ నేమ్! అందుకని, "పేరు మార్చుకోవద్దు" అని నేను అతనికి చెప్పలేదు. చెప్పే మొహమూ కాదు, నేను రాసేదీ కలం పేరుతోనే.

ఇంతలో గుత్తి వచ్చింది. "కోట కింద ఆ సమాధుల తోట ఉండాదే, దాంట్లోనా అన్నా?" అని మెడ సాచి చూశాడు. చిన్నప్పుడు అక్కడ క్రికెట్ ఆడాడట!

దిగేముందు ఆల్బం నాకిచ్చాడు. ఫోటోలు బాగున్నాయి, నవ్వు బాగుంది. ప్రతి ఫోటో వెనకా ఫోన్ నంబరుంది, పేరు రాసే చోటు ఖాళీ. ఎవరైనా డైరెక్టరుగారు పిలిస్తే అప్పుడు రాస్తాడట. అప్పతోనా, అప్ప లేకుండానా అంటే, "ఇంకా ఆలోచిస్తా ఉండానన్నా" అన్నాడు.

మీరైతే ఏం చేస్తారో ఓ కార్డు ముక్క రాయండి.