జీవితమే పాఠశాల

రచయితకు పాండిత్యం ముఖ్యమా, అనుభవం ముఖ్యమా అన్న ప్రశ్న పాతదే. పాండిత్యం భాషకు వన్నె తెస్తుంది. కాని నవలకు ప్రాణం పోసేది మనుషుల మధ్య బతికిన బతుకే. ఇందుకు తెలంగాణ నేలపై వట్టికోట ఆళ్వారుస్వామి జీవితాన్ని మించిన నిదర్శనం అరుదు.

ఆయన 1915లో నల్లగొండ జిల్లా నకిరేకల్ ప్రాంతంలోని ఒక పల్లెలో, పేద కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేస్తూ చదువు నేర్చుకున్నారు. బెజవాడలో హోటలు సర్వరుగా పనిచేశారు. హైదరాబాదు చేరి ‘గోలకొండ పత్రిక’లో ప్రూఫులు దిద్దారు. 1938లో ‘దేశోద్ధారక గ్రంథమాల’ను స్థాపించి, అచ్చువేసిన పుస్తకాలను స్వయంగా మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. తెలుగు చదువుకు ఆదరణ కరువైన నిజాం రాజ్యంలో అది సాహసమే. ఆంధ్ర మహాసభలో పనిచేశారు. క్విట్ ఇండియా ఉద్యమకాలంలోనూ, తెలంగాణ పోరాటకాలంలోనూ జైలు పాలయ్యారు. నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్య ఆయనకు సహచరుడు. దాశరథి తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు.

ఇన్ని వృత్తులు రచయిత శక్తిని చెదరగొడతాయని కొందరి వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. 1961లో, నలభై అయిదేళ్ల వయసుకే ఆయన కన్నుమూశారు. ‘గంగు’ నవల అసంపూర్ణంగానే మిగిలిపోయింది. తీరిక లేని జీవితం సాహిత్యం నుండి వసూలు చేసిన మూల్యమది.

అయినా ఆ వృత్తులే లేకుంటే ఆ రచనలూ లేవు. తోటి ఖైదీల గోడు విన్నందువల్లనే ‘జైలు లోపల’ కథలు పుట్టాయి. పల్లెపల్లెకూ తిరిగినందువల్లనే దొరల దౌర్జన్యం, వెట్టిచాకిరి, మేల్కొంటున్న జనం ‘ప్రజల మనిషి’ నవలలో సజీవంగా నిలిచాయి. కథానాయకుడు కంఠీరవం ఊహలో పుట్టిన వీరుడు కాడు, రచయిత ఊరూరా చూసిన చైతన్యానికి ప్రతిరూపం. అమెరికా రచయిత జాక్ లండన్ కూడా కర్మాగారంలో కూలీగా, ఓడలో నావికుడిగా పనిచేసి, బంగారం వెదుకుతూ మంచుసీమలకు వెళ్లి వచ్చాకే కథకుడయ్యాడు. దేశాలు వేరైనా సత్యం ఒక్కటే.

సిరిసిల్లలో మరమగ్గం దగ్గర పనిచేస్తూ చదువుకొనే విద్యార్థి గాని, మల్యాలలో సెలవు రోజుల్లో పొలం పనికి వెళ్లే విద్యార్థిని గాని తమ శ్రమకు సిగ్గుపడవలసిన పని లేదు. అయితే శ్రమ ఒక్కటే మనిషిని రచయితను చేయదు. వంటింటిలోనూ ఆళ్వారుస్వామి పుస్తకాన్ని విడువలేదు. చేతిలో పని, ఒడిలో పుస్తకం, ఎదుటి మనిషి కష్టంపై చూపు, ఈ మూడూ కలిసినచోటనే మంచి సాహిత్యం పుడుతుంది.